చూడ్డానికి విప్పక్కర్లేదు

లాగ్ ఫైలు (సర్వర్‌లో ఏం జరిగిందో వరసగా నమోదయ్యే చిట్టా) జీజెడ్ అయి ఉంటే, అంటే జీజిప్‌తో కుదించి ఉంటే, చదివే ముందు దాన్ని విప్పి తీరాలని బెంగళూరు ఆఫీసుల్లో చాలామంది అనుకుంటారు. కొత్తగా చేరినవాళ్లే కాదు, పదేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాళ్లూ అంతే. సర్వర్‌లోకి లాగిన్ అవుతారు, ఫైలుని విప్పే గన్‌జిప్ కమాండ్ కొడతారు, కావాల్సిన నాలుగు లైన్లు చూసుకుంటారు, లాగౌట్ అయి వెళ్లిపోతారు. విప్పిన ఫైలు అక్కడే పడి ఉంటుంది. ఇంకొందరు ఆ జీజెడ్‌ని తమ ల్యాప్‌టాప్‌కి కాపీ చేసుకుని, డబుల్ క్లిక్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరుస్తారు. పనైతే అవుతుంది. కానీ ఈ అలవాటు మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను.

నా వాదన చిన్నదే. చదివినందువల్ల ఫైలు మారకూడదు. దాని పక్కన ఇంకో కాపీ పుట్టకూడదు. కుదించిన టెక్స్ట్ ఫైళ్ల విషయంలో ఇదేమీ అందని ఆదర్శం కాదు. కుదించిన ఫైలుని అలాగే ఉంచి చూపించే జెడ్‌క్యాట్, జెడ్‌లెస్, అందులో వెతికే జెడ్‌గ్రెప్ అనే కమాండ్లు మామూలు లైనక్స్ సర్వర్ ఏదైనా సరే, అందులో ముందే ఉంటాయి. ఎవర్నీ అనుమతి అడగక్కర్లేదు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. (కమాండ్ల పేర్లు మనం ఆఫీసులో పలికినట్టే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి.)

ఇది ఎలా సాధ్యమో లోపలి సంగతి తెలిస్తే అలవాటు దానంతటదే మారుతుందని నా నమ్మకం. అందుకే ముందు జీజిప్ గురించి.

జీజిప్ పుట్టడానికి కారణం ఒక పేటెంట్. అంతకు ముందు యూనిక్స్‌లో కంప్రెస్ అనే ప్రోగ్రాం ఉండేది, అది చేసే ఫైళ్ల పేరు చివర పెద్ద జెడ్ ఉండేది. అది వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద యునిసిస్ కంపెనీకి పేటెంట్ ఉండటంతో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టుకి ఏ చిక్కూ లేని మరో ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. కుదించే భాగం జాన్-లూ గాయీ రాశారు, విప్పే భాగం మార్క్ ఆడ్లర్ రాశారు. మొదటి విడుదల 1992 అక్టోబరు 31న. (ఈ ఆడ్లరే తర్వాత నాసాలో, అంగారకుడి మీదికి వెళ్లిన స్పిరిట్ రోవర్‌కి మిషన్ మేనేజర్‌గా పని చేశారు. మనం రోజూ కొట్టే కమాండ్ వెనక ఇలాంటి మనుషులున్నారని తెలిస్తే నాకు సంతోషంగా ఉంటుంది.) లోపల వాడేది ఫిల్ కాట్జ్ తన పీకేజిప్ అనే కుదింపు ప్రోగ్రాం కోసం రూపొందించిన డిఫ్లేట్ పద్ధతి. అందులో 1977లో లెంపెల్, జివ్ ప్రతిపాదించిన ఉపాయం ఒకటి, 1952 నాటి హఫ్‌మన్ కోడింగ్ (తరచూ వచ్చేవాటికి పొట్టి సంకేతాలిచ్చే పద్ధతి) ఒకటి కలిసి పని చేస్తాయి.

ఏదో ఒక లాగ్‌లో ఒక లైను తీసుకోండి. తేదీ, సర్వర్ పేరు, ప్రాసెస్ పేరు, ఆ తర్వాత ‘కనెక్షన్ టైమౌట్’. దాని కింది లైనులో సెకన్ల అంకె తప్ప మిగతాదంతా అదే. రెండోసారి అదే ముక్క ఎదురైతే డిఫ్లేట్ దాన్ని మళ్లీ రాయదు. ‘ఇన్ని బైట్లు వెనక్కి వెళ్లు, అక్కణ్నుంచి ఇన్ని బైట్లు తెచ్చుకో’ అని రెండు అంకెలు రాసి ఊరుకుంటుంది. ఒక విడతలో తెచ్చుకోగలిగేది 258 బైట్ల దాకా. వెనక్కి వెళ్లగలిగేది 32 కేబీ దాకా. లాగ్‌లు మామూలుగా పదో వంతుకి అటూ ఇటూగా కుదించుకుపోవడానికి కారణం ఈ పునరుక్తే.

నా వాదనకి మూలం ఆ 32 కేబీలోనే ఉంది. విప్పే ప్రోగ్రాం ఫైలు ఎంత పెద్దదైనా దాన్నంతా మెమరీలో పెట్టుకోనక్కర్లేదు, ఆఖరి 32 కేబీ చేతిలో ఉంటే చాలు. ఒక వైపు నుంచి కుదించిన బైట్లు వస్తుంటాయి, ఇంకో వైపు మామూలు అక్షరాలు పోతుంటాయి. అవి డిస్క్ మీదికే పోవాలని ఎవరూ చెప్పలేదు. పైప్ గుండా, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా ఇంకో కమాండ్‌కి అందించే దారి గుండా, పేజీలుగా చూపించే లెస్‌లోకి పోవచ్చు, మాటలు వెతికే గ్రెప్‌లోకి పోవచ్చు. జెడ్‌క్యాట్ చేసేది ఇంతే. జీజిప్‌కి మైనస్ సీ (ఫైలులో రాయకుండా బయటికి పంపు), మైనస్ డీ (విప్పు) అని చెప్తే వచ్చే ఫలితమే దానికీ వస్తుంది. ఒక జీబీ మెమరీ ఉన్న చిన్న వర్చువల్ మెషీన్ మీద 40 జీబీ లాగ్‌ని ఇలా ఆసాంతం వెతకొచ్చు, డిస్క్‌లో ఒక్క బ్లాకు కూడా అదనంగా ఖర్చు కాదు.

బియ్యం మండీలో బస్తా కుట్టు విప్పరు. కొస వాడిగా ఉన్న చిన్న ఇనుప గొట్టం గుచ్చి, చారెడు గింజలు అరచేతిలో పోసుకుని చూస్తారు. నేను చెప్పేది ఆ చూపు. కాకపోతే జీజిప్ బస్తాకి మధ్యలో గుచ్చడం కుదరదు, పై నుంచి వరసగా రావాల్సిందే. వెనకటి 32 కేబీ తెలియకుండా మధ్యలో ముక్కకి అర్థం ఉండదు కదా. ఆ ఇబ్బంది సంగతికి మళ్లీ వస్తాను.

విప్పితే నష్టమేంటని అడిగేవాళ్లకి ఒక రాత్రి జరిగిన సంగతి చెప్తాను. నేను అప్పుడు పని చేస్తున్న చోట ఒక అప్లికేషన్ మెల్లగా నడుస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఆన్‌కాల్‌లో, అంటే ఫిర్యాదు వస్తే చూసే వంతులో, హిందూపురం నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడున్నాడు. కారణం వెతుకుదామని ముందు రోజుల లాగ్‌లు తెరిచాడు. కాసేపటికి మెల్లగా నడుస్తున్న అప్లికేషన్ పూర్తిగా ఆగిపోయింది. ఫోన్ చేశాడు.

“అక్కా, నేనేం మార్చలేదక్కా. లాగ్ ఇప్పి చూస్తి, అంతే.”

“ఎక్కడ విప్పావు తమ్ముడూ?”

“ఆడే, వార్ లాగ్ లోనే.”

“అందులో జాగా ఎంతుందో డీఎఫ్ కొట్టి చూసుకున్నావా?”

“లేదక్కా. చదివేదానికి జాగా ఎందుకనుకొంటి.”

అతనన్నది అక్షరాలా నిజం. చదవడానికి జాగా అక్కర్లేదు. ఆ దారి అతనికి ఎవరూ చూపించలేదు, అంతే. కాలేజీలో చూపించలేదు, ఇక్కడ మారతహళ్లి కోచింగ్ సెంటర్లో చూపించలేదు, కంపెనీ శిక్షణలోనూ చూపించలేదు. ఆ సెంటర్ల నోట్సులు మా జూనియర్ల దగ్గర నేను చూశాను. టార్, గన్‌జిప్ ఉంటాయి. జెడ్‌లెస్ గురించి ఒక్క ముక్క ఉండదు. అందుకే తప్పు ఆ కుర్రాడిది కాదని ఆ రోజే మీటింగ్‌లో చెప్పాను, ఇప్పుడూ చెప్తాను.

అక్కడ జరిగిందేమిటంటే, అప్లికేషన్ డేటా, లాగ్‌లు ఉండే ఆ వార్ లాగ్ ఫోల్డర్ ఒకే పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం) మీద ఉన్నాయి. మూడు జీబీ జీజెడ్ విప్పితే ముప్పై జీబీకి పైగా అవుతుంది. గన్‌జిప్ మామూలుగా కొడితే, పని పూర్తయ్యాకే అది పాత జీజెడ్‌ని తీసేస్తుంది. అంటే విప్పుతున్నంతసేపూ రెండిటికీ జాగా కావాలి. మధ్యలో డిస్క్ నిండితే, సగం రాసిన ఫైలుని తనే చెరిపేసి వెనక్కి తగ్గుతుంది, అంత వరకు మంచిదే. కానీ సరిగ్గా ఆ నిండిన క్షణంలో ఏదో రాయబోయిన డేటాబేస్ ‘జాగా లేదు’ అన్న జవాబు తిని కూర్చుంటుంది. ఇక మైనస్ సీ పెట్టి వేరే ఫైలులోకి రీడైరెక్ట్ చేసి ఉంటే అదీ లేదు, సగం ఫైలు అలాగే మిగిలిపోతుంది. డిఫ్లేట్ గరిష్ఠంగా వెయ్యి రెట్లకి పైగా కుదించగలదు, లెక్క ప్రకారం 1032 రెట్ల దాకా. ఒకే ఎర్రర్‌ని లక్షలసార్లు రాసిన లాగ్ మామూలు లాగ్ కన్నా చాలా ఎక్కువగా కుదించుకుపోతుంది. సర్వర్ కష్టంలో ఉన్నప్పుడు పుట్టేవి అలాంటి లాగ్‌లే. విప్పడానికి అన్నిటికన్నా ప్రమాదకరమైనవీ అవే.

విప్పితే ఎంతవుతుందో ముందే చూసుకుంటామంటారా? జీజిప్‌కి మైనస్ ఎల్ ఇస్తే అసలు సైజు చెప్తుంది, నిజమే. కానీ ఆ అంకె ఫైలు చివర నాలుగు బైట్లలో ఉంటుంది. నాలుగు బైట్లలో 4 జీబీకి మించిన అంకె పట్టదు, మించితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే పాత జీజిప్‌లో 5 జీబీ ఫైలు 1 జీబీ అని కనిపిస్తుంది. 2022లో వచ్చిన 1.12 వెర్షన్‌లో దీన్ని సరిచేశారు, ఇప్పుడది ఫైలంతా విప్పుకుంటూ వెళ్లి లెక్కపెడుతుంది. పాత సర్వర్లలో పాత జీజిప్పే ఉంటుంది కాబట్టి ఆ అంకెని నమ్మొద్దు.

డిస్క్ సంగతి కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటుంది. లాగ్‌లలో మనుషులుంటారు. ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, ఎవరు ఏ సమయంలో ఏ పేజీ చూశారు, ఏ ఊళ్లో ఆర్డర్ పెట్టారు. రాయకూడదని ఎన్ని నియమాలు పెట్టుకున్నా ఏదో ఒకటి జారి పడుతూనే ఉంటుంది. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లని 180 రోజులు, దేశం పరిధిలోనే భద్రపరచాలి. అందుకే మన సర్వర్లన్నిటిలో జీజెడ్ గుట్టలుంటాయి. ఆ గుట్టకి ఒక కాపలా ఉంటుంది. లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాం పాతవాటిని గడువు కాగానే తీసేస్తుంది, ఫైళ్లకి పరిమితమైన అనుమతులుంటాయి. మీరు జీజెడ్‌ని విప్పి టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లోకి రీడైరెక్ట్ చేసిన మరుక్షణం ఆ కాపలా పోయింది. చాలా మెషీన్లలో కొత్త ఫైళ్ల అనుమతుల్ని నిర్ణయించే యూమాస్క్ 022 ఉంటుంది, అంటే కొత్త ఫైలు 644 అనుమతులతో పుడుతుంది, ఆ సర్వర్‌లోకి రాగలిగిన ప్రతివాళ్లూ చదవొచ్చు. గడువు వచ్చినా లాగ్‌రొటేట్ దాని జోలికి రాదు, దానికా ఫైలు ఉన్న సంగతే తెలియదు. అక్కడికక్కడే విప్పినా అంతే. సిస్‌లాగ్ అనే లాగ్ పాత ఫైలు సిస్‌లాగ్ డాట్ 2 డాట్ జీజెడ్ స్థానంలో ఉత్త సిస్‌లాగ్ డాట్ 2 కనబడితే, జీజెడ్ పేర్ల కోసం చూసే లాగ్‌రొటేట్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. ల్యాప్‌టాప్‌కి కాపీ చేసుకున్నదైతే ఇక చెప్పేదేముంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఏళ్ల తరబడి ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం మాట అలా ఉంచండి, ఎవరో తెలియని మనిషి ఫోన్ నంబరు నా అజాగ్రత్త వల్ల ఒక టెంప్ ఫోల్డర్‌లో ఉండటం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు చేతిపని. మా టీమ్‌లో చేరినవాళ్లకి నేను మొదటి వారంలోనే చూపించేవి ఇవి.

ఒకే ఫైలు చూడాలంటే జెడ్‌లెస్. లెస్‌లో ఉన్న మీటలన్నీ పని చేస్తాయి, స్లాష్ కొట్టి వెతకొచ్చు, పైకీ కిందికీ పోవచ్చు. ఉబుంటులో ఉత్త లెస్ అన్నా చాలాసార్లు జీజెడ్ తెరుచుకుంటుంది. బాష్ (మనం కమాండ్లు కొట్టే షెల్) సెట్టింగుల్లో లెస్‌పైప్ అనే స్క్రిప్టుని ముందే కలిపి ఇస్తారు కాబట్టి. విమ్ అనే ఎడిటర్ కూడా జీజెడ్‌ని నేరుగా తెరుస్తుంది, కానీ సర్వర్ మీద లాగ్‌ని విమ్‌లో తెరవొద్దని మా వాళ్లకి చెప్తాను. అది మార్చడానికి ఉన్న సాధనం, మనం వచ్చింది చదవడానికి. జెడ్‌లెస్‌తో ఒక జాగ్రత్త ఉంది. పైప్ గుండా వచ్చినదాన్నంతా లెస్ మెమరీలో దాచుకుంటూ పోతుంది, లేకపోతే మీరు వెనక్కి వెళ్లలేరు. భారీ ఫైలు తెరిచి పెద్ద జీ కొట్టి చివరికి దూకితే, డిస్క్ మిగిల్చిన మనమే మెమరీ నింపేస్తాం. అలాంటప్పుడు జెడ్‌క్యాట్ నుంచి గ్రెప్‌కి పంపి, వడకట్టిన దాన్నే లెస్‌లో చూడాలి. లేదా లెస్‌కి మైనస్ పెద్ద బీ ఇవ్వాలి, అప్పుడు కొద్దిపాటి మాత్రమే దాచుకుని మిగతాది వదిలేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చేది జెడ్‌క్యాట్‌కి మైనస్ ఎఫ్ ఇవ్వడం. లాగ్‌రొటేట్‌లో డిలే కంప్రెస్ అనే సెట్టింగ్ చాలాచోట్ల పెట్టి ఉంటుంది. దాని వల్ల ఇవాళ్టి ఫైలు, డాట్ 1 ఫైలు మామూలుగా ఉంటాయి, డాట్ 2 నుంచి జీజెడ్‌లు. నిన్నటి వరకు వాడుతున్న ఫైలులో ఏదైనా ప్రోగ్రాం ఇంకా రాస్తుందేమోనని ఆ ఏర్పాటు. ఈ రెండు రకాలూ కలిసి ఉన్నప్పుడు మైనస్ ఎఫ్ ఇస్తే జెడ్‌క్యాట్ జీజెడ్‌లని విప్పుతుంది, మామూలువాటిని ఉన్నదున్నట్టు పంపిస్తుంది. సిస్‌లాగ్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఒక్క కమాండ్‌తో అన్ని రోజులనీ గ్రెప్‌కి పంపించొచ్చు. ఒక్కటి చూసుకోవాలి, నక్షత్రం ఇచ్చే వరస కాలం వరస కాదు. డాట్ 1 తర్వాత డాట్ 10 వస్తుంది, ఆ తర్వాతే డాట్ 2. సంఘటనలు జరిగిన క్రమంలో కావాలంటే ఎల్ఎస్‌కి మైనస్ వీ, మైనస్ ఆర్ ఇచ్చి ఆ జాబితాని వాడుకోవాలి.

ఏ ఫైలులో ఏముందో పేరుతో సహా కావాలంటే జెడ్‌గ్రెప్. అది వేరే ప్రోగ్రామేం కాదు, ప్రతి ఫైలుకీ జీజిప్‌ని పిలిచి గ్రెప్‌కి అందించే షెల్ స్క్రిప్టు. అందుకే గ్నూ జెడ్‌గ్రెప్ ఫోల్డర్ల లోపలికి దిగి వెతకదు, మైనస్ ఆర్ ఇస్తే ఒప్పుకోదు. ఫైళ్లని వెతికిపెట్టే ఫైండ్‌తో కలిపి వాడాలి, లేదా రిప్‌గ్రెప్ అనే ఇంకో సాధనం ఉంటే దానికి మైనస్ జెడ్ ఇవ్వాలి. లాగ్ మధ్యలో సున్నా బైట్లు పడి ఉంటే ‘బైనరీ ఫైలు సరిపోలింది’ అని ఒక్క మాటతో ఊరుకుంటుంది, మైనస్ ఏ ఇస్తే లైన్లు చూపిస్తుంది. ఈ స్క్రిప్టులోనే 2022లో ఒక లోపం బయటపడింది. కుట్రగా పేరు పెట్టిన ఫైలుని జెడ్‌గ్రెప్‌తో వెతికితే, అది వేరే ఫైలుని చెరిపి రాసేలా చేయొచ్చు. ఎక్స్‌జెడ్ అనే వేరే పద్ధతిలో కుదించిన ఫైళ్లని వెతికే ఎక్స్‌జెడ్‌గ్రెప్‌లోనూ అదే లోపం ఉండింది. నేను ఇంతసేపూ చెప్తున్న నియమాన్ని, చదివితే ఏదీ మారకూడదన్నదాన్ని, చదివే సాధనమే తప్పిన సందర్భం అది. దాన్నీ 1.12లోనే సరిచేశారు. బయటివాళ్లు పేరు పెట్టగలిగే ఫైళ్లు, అంటే అప్‌లోడ్లు, మీ సర్వర్ మీద ఉంటే వెర్షన్ ఒకసారి చూసుకోండి.

మాక్‌బుక్ వాడేవాళ్లకి ఒక మాట, బెంగళూరులో సగం ఆఫీసులు అవే ఇస్తాయి. అందులో జెడ్‌క్యాట్ ఇంకా పాత కంప్రెస్ కాలంలోనే ఉంది. ఫైలు పేరుకి తనే పెద్ద జెడ్ తగిలించుకుని, అలాంటి ఫైలు లేదంటుంది. అక్కడ జీజెడ్‌క్యాట్ అనాలి. వేరే పద్ధతుల్లో కుదించినవాటికీ ఇలాంటివే ఉన్నాయి, బీజెడ్2 ఫైళ్లకి బీజెడ్‌క్యాట్, ఎక్స్‌జెడ్‌కి ఎక్స్‌జెడ్‌క్యాట్, జెడ్‌స్టాండర్డ్‌కి జెడ్‌ఎస్‌టీడీక్యాట్. పేర్లు మారినా అన్నిటి పద్ధతీ ఒకటే.

ఇక అభ్యంతరాలు. నాతో వాదించేవాళ్ల మాటల్లో బలమున్నది ఒకటి ఉంది, ఇందాక వదిలేసిన ఇబ్బంది అదే. లాగ్‌లో మనకి తరచూ కావాల్సింది చివరి భాగం, జీజిప్‌లో చివరికి వెళ్లాలంటే మొదటి నుంచి రావాలి. మొదటి లైన్లు చూపించే హెడ్ అయితే చవక, పది లైన్లు తీసుకుని పైప్ మూసేస్తుంది, వెంటనే జెడ్‌క్యాట్ కూడా ఆగిపోతుంది. చివరి లైన్లు చూపించే టెయిల్ అయితే మొత్తం విప్పుకుంటూ రావాల్సిందే. ప్రాసెసర్ కోర్లు ఎన్ని ఉన్నా లాభం లేదు, ఆడ్లరే రాసిన పిగ్జ్ అనే ప్రోగ్రాం కుదించడాన్ని కోర్ల మధ్య పంచుతుంది గానీ విప్పడాన్ని అలా పంచలేదు. ఒకే పెద్ద ఫైలుని పొద్దున్నించి సాయంత్రం దాకా రకరకాలుగా వెతకాల్సి వస్తే, ప్రతిసారీ విప్పే ఖర్చు పెట్టడం అవివేకం. అప్పుడు నేనూ విప్పుతాను. కానీ ప్రొడక్షన్ సర్వర్ మీద కాదు. పని కోసం కేటాయించిన వేరే మెషీన్‌లో, డీఎఫ్ చూసుకుని, ఇతరులు చదవకుండా యూమాస్క్ 077 పెట్టుకుని, మైనస్ కే ఇచ్చి అసలు ఫైలుని అలాగే ఉంచి, పని కాగానే చెరిపేసే షరతు మీద. చాలామందికి అప్పుడు కూడా మొత్తం ఫైలు అక్కర్లేదు. కావాల్సిన ఒకటి రెండు గంటల లైన్లు మాత్రం జెడ్‌గ్రెప్‌తో తీసి చిన్న ఫైలు చేసుకుంటే సరిపోతుంది.

ఫైలు పాడైతే విప్పడమే దారి కదా అని ఇంకొందరంటారు. నిజానికి అప్పుడు పైపే మేలు. చివర తెగిన జీజెడ్‌ని గన్‌జిప్ చేస్తే ఎర్రర్ ఇచ్చి, రాసిందంతా చెరిపేసి చేతులు దులుపుకుంటుంది. జెడ్‌క్యాట్ అయితే తెగిన చోటు దాకా ఉన్నదంతా చూపించి, ఆ తర్వాత ఫిర్యాదు చేస్తుంది. సర్వర్ పడిపోయిన క్షణానికి ముందు రాసిన లైన్లు చాలాసార్లు అలా తెగిన ఫైలులోనే ఉంటాయి.

ఇదంతా సర్వర్లు కాసేవాళ్ల గొడవేనని అనుకోకండి. తెలుగు మీద పని చేయాలనుకునేవాళ్లందరికీ ఇది అవసరం. తెలుగు వికీపీడియాలో ఉన్న వ్యాసాల పాఠమంతా వికీమీడియా డంప్స్ సైటులో బీజెడ్2 ఫైలుగా ఎవరికైనా దొరుకుతుంది. దాన్ని విప్పితేగానీ వాడలేమనుకుని, డిస్క్‌లో చోటు లేక ఆగిపోయిన విద్యార్థులు నాకు తెలుసు. పీజీ గదుల్లో పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్న పిల్లలకి చోటు చిన్న విషయం కాదు. బీజెడ్‌క్యాట్ నుంచి గ్రెప్‌కి పంపితే ఒక మాట తెలుగు వికీలో ఎక్కడెక్కడ వాడారో ఆ ల్యాప్‌టాప్‌లోనే తేలిపోతుంది. బీజెడ్2 విప్పడం జీజిప్ కన్నా నిదానం, కాస్త ఓపిక పట్టాలి. అదే డంప్ మల్టీస్ట్రీమ్ రూపంలోనూ ఉంటుంది. అందులో వంద పేజీలకొక ముక్కగా విడివిడిగా కుదించి, ఏ పేజీ ఎన్నో బైటు దగ్గర మొదలయ్యే ముక్కలో ఉందో ఇండెక్స్ ఇస్తారు. అందువల్ల మధ్యలో గుచ్చడం కూడా కుదురుతుంది.

మన లిపి కుదింపుకి అనువుగా ఉండటం నాకెంతో నచ్చే విషయం. యూనికోడ్‌ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలు, మొత్తం 18 బైట్లు. అందులో త అంటే ఈ0 బీ0 ఏ4. తెలుగు సంకేతం ఏదైనా మొదటి బైటు ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ. అసలు సమాచారం చాలా మటుకు మూడో బైటులోనే ఉంది. పదే పదే వచ్చే ఆ మొదటి రెండూ కుదింపులో చాలా మటుకు కరిగిపోతాయి. మూడు రెట్ల జాగా తింటుందని తెలుగు యూనికోడ్ మీద వచ్చే ఫిర్యాదుకి, ఫైలు కుదించి పెట్టుకున్నంత వరకు, పెద్దగా పస లేదు.

అయితే జెడ్‌లెస్‌లో తెలుగు ఫైలు తెరిచి, అక్షరాల బదులు కోణాల బ్రాకెట్లలో ఈ0, బీ0, ఏ4 అని తెర నిండా కనిపిస్తే కంగారు పడొద్దు. ఫైలు చెడిపోలేదు. ఆ మెషీన్‌లో లొకేల్ (భాష, లిపి సెట్టింగ్) సీ అని ఉంది, కంటైనర్లలో ఇది మామూలే. లెస్‌క్యార్‌సెట్ అనే వేరియబుల్‌కి యూటీఎఫ్-8 అని ఇస్తే అక్షరాలు వస్తాయి. కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు విడివిడిగా పడతాయి, అది టెర్మినల్ లోపం. వెతకడానికి అడ్డు కాదు.

వెతకడానికి నిజంగా అడ్డొచ్చేది కంటికి కనబడదు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట కింద వ ఒత్తుగా అతుక్కోకుండా ఉండేందుకు మధ్యలో సున్నా వెడల్పు ఉన్న ఒక సంకేతం పెడతారు, యూనికోడ్‌లో 200సీ. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. మీరు కీబోర్డులో కొట్టిన మాటలో అది లేక, ఫైలులో ఉంటే జెడ్‌గ్రెప్ ఒక్క లైనూ చూపించదు, ఆ మాటే లేదనుకుని వెళ్లిపోతారు. రెండూ దొరకాలంటే పొల్లు ఉన్న ట తర్వాత, వ కి ముందు, ఒక చుక్క, ఒక ప్రశ్నార్థకం పెట్టి, గ్రెప్‌కి మైనస్ పెద్ద ఈ ఇవ్వండి. లొకేల్ యూటీఎఫ్-8 అయి ఉండాలి, లేకపోతే ఆ చుక్క ఒక్క బైటుకే సరిపోతుంది, 200సీ కి మూడు బైట్లుంటాయి.